పొలిమేర త్రొక్కని యుద్ధము



ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి లంకలు - ఈ సీమలో యుద్ధము జరిగినదా యని యెవరైన నడిగినచో మనలో పలువురు లేదనియే చెప్పుదురు. ఆ మాట నిజమే. 1914 మొదలు 1918 వరకు జరిగిన మొదటి మహాయుద్ధము గాని, 1939 మొదలు 1945 వరకు జరిగిన రెండవ మహాయుద్ధము గాని మన పొలిమేర త్రొక్కలేదు. మన చేలలో ఫిరంగి మ్రోగలేదు. మన కాలువలలో శత్రువుల పడవ తిరుగలేదు. అయినను ఆ యుద్ధములు మన యిండ్లలోనికి వచ్చినవి. వచ్చి మన గాదెలలోను, మన నాణెములలోను, మన మాటలలోను, తుదకు మన కాళ్లలోను తమ గుర్తులను విడిచి పోయినవి. కాళ్లలో నెట్లని తమరు సందేహింతురేమో. ఆ సంగతి చివర చెప్పెదను. అది చెప్పుటకే యీ ప్రసంగమునకు పూనుకొంటిని.

మొదట మనుష్యుల మాట చెప్పవలెను. తాడేపల్లిగూడెమునకు సమీపమున మాధవరమను గ్రామము కలదు. చుట్టుప్రక్కలవారు దానిని 'మిలటరీ మాధవరము' అందురు. మొదటి మహాయుద్ధమునకు ఆ యొక్క యూరినుండియే సుమారు 90 మంది వెళ్లిరని గ్రామస్థులు చెప్పుకొందురు. రెండవ యుద్ధము నాటికి ఆ సంఖ్య వేయి దాటినదందురు. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత గూడ ఆ వాడుక తప్పలేదు. తండ్రి వెంట కొడుకు, కొడుకు వెంట మనుమడు సైన్యమున జేరుట ఆ యూర కుటుంబాచారమైనది.

మొదటి యుద్ధమున భారతదేశమునుండి పదిలక్షలకు మించిన జనము సముద్రములు దాటి వెళ్లిరి. వారిలో 74,000 మందికి పైగా మరలి రాలేదు. రెండవ యుద్ధము నాటికి భారత సైన్యమున 25 లక్షల మంది యుండిరి. ఇందఱును యుద్ధముపై ప్రీతితో పోయినవారు కారు. నెల తిరుగగానే జీతము, బ్రతికి వచ్చినచో పింఛను - ఈ రెండు మాటలు వానలను నమ్ముకొన్న యింటికి చిన్న మాటలు కావు. మగవాడు దేశాంతరమున నున్నప్పుడు ఆడుది మనియార్డరు పుచ్చుకొని, శిస్తు కట్టి, కూలీలను పిలిచి సేద్యము నడిపినది. ఉత్తరము చదివి పెట్టుటకు ఒకరి గడప త్రొక్కవలసి వచ్చినప్పుడు, తన బిడ్డలకైన చదువు రావలెనని తలచినది. సైన్యమునకు పోయినవాని కథను మనము చెప్పుకొందుము. ఇంట నిలిచిన దాని కథ చెప్పుకొనుట తక్కువ.

మరలి రానివారి జ్ఞాపకము సంగతి వినుడు. మొదటి యుద్ధమున మన సిపాయీలనేకులు మెసపొటేమియాలో, అనగా నేటి ఇరాకులో, పోరాడి మరణించిరి. వారికొఱకు బస్రాలో 1929వ సంవత్సరమున ఒక స్మారకమును కట్టిరి. అందు ఆంగ్లేయ సిపాయీల పేర్లను చెక్కిరి. భారతీయులలో అధికారుల పేర్లను మాత్రము చెక్కి, సామాన్య సిపాయీలను ఏ పటాలమున ఎందఱను అంకెలతో సరిపెట్టిరి. ఒక తల్లి పెట్టిన పేరు ఆ రాతిమీద అంకెగా మారినది. రెండవ యుద్ధము తరువాత ఆ దోషము కొంత సవరింపబడినది. బర్మాలో రంగూనునకు ఉత్తరమున తౌక్యాన్ అను చోట నున్న స్మారకముపై, సమాధియైన దొరకని సుమారు 27,000 మంది పేర్లు చెక్కబడినవి. వారిలో భారతీయులు వేలకొలది కలరు.

మొదటి యుద్ధము ముగియుచున్న దినములలో దానికంటె ఘోరమైన దొకటి వచ్చినది. 1918వ సంవత్సరము వేసవి కడపట, యుద్ధరంగములనుండి వచ్చు ఓడలతో బాటు ఇన్‌ఫ్లూయెంజా జ్వరము బొంబాయి రేవున దిగినది. అది రైలు బండి వెంట దేశమంతట ప్రాకినది. ఆ సంవత్సరము శరదృతువున అది రెండవ మారు విజృంభించినప్పుడు చచ్చినవారిలో వృద్ధులు, పసివారికంటె నడియీడువారే పెక్కుమంది. భారతదేశమున ఒక కోటి ఇరువది లక్షలకు తక్కువ కాకుండ మరణించిరని పండితుల లెక్క. 1911 జనాభా లెక్కకంటె 1921 లెక్కలో దేశ జనసంఖ్య తగ్గుటకు ముఖ్యకారణ మిదియే. తుపాకులవలన చచ్చినవారికి రాతి స్తంభము లెత్తిరి. ఈ జ్వరమున చచ్చినవారికి ఎచ్చటను ఒక రాయి లేదు. మా నాయనమ్మ అప్పటికి క్రొత్తగా కాపురమునకు వచ్చినది. ఒకే వారములో తన తోడికోడలిని, మరిదిని పోగొట్టుకొన్నదట. "దీపం పెట్టడానికి మనిషి లేని ఇళ్లు చూశాన్రా" అని చెప్పుచుండెడిది. ఆ జ్వరమునకును, ఎక్కడనో జరిగిన యుద్ధమునకును సంబంధము కలదని ఆమె యెరుగదు.

ఇక రెండవ యుద్ధమునకు వత్తము. మన తీరమునుండి రంగూనునకు పనికై పోవుట ఒక కాలమున నిత్యకృత్యము. మనవారు ఆ నగరమును 'రంగ'మనిరి. "రంగం పోయినాడు" అన్నచో ఆ యింట నాలుగు రూపాయలు కనబడునని యర్థము. మా తాతగారి తమ్ముడు అట్లే పోయి ఆ యూరి బియ్యపు మిల్లులలో బస్తాలు మోసినాడు. 1941 డిసెంబరు 23వ తేదీన జపానువారు రంగూనుపై బాంబులు వేసిరి. 1942 మార్చిలో నగరము వారి వశమైనది. ఓడలలో చోటు దొరికినది కొందఱికే. తక్కినవారు, లక్షలకొలది జనము, కొండలు, అడవులు దాటి కాలినడకన స్వదేశము చేరిరి. త్రోవలో కలరా, మలేరియా, ఆకలి వేలమందిని మ్రింగినవి. మా చినతాత గృహము చేరినప్పుడు కన్నతల్లి ఆనవాలు పట్టలేదట. ఆయన బ్రతికినన్నాళ్లు అన్నము పారవేయువానిని చూచి లేచిపోయెడివాడు గాని, ఆ నడక సంగతి మాత్రము నోట పలుకలేదు. చెప్పకపోవుటయు ఒక జ్ఞాపకమే.

1942 ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను జపాను విమానములు బాంబులు విడిచినవి. తీరమంతయు తల్లడిల్లినది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వాల్తేరు విడిచి గుంటూరునకు తరలినది. ఆ యుద్ధకాలముననే ఆంగ్ల ప్రభుత్వమువారు మన ప్రాంతమున విమానములు దిగుటకు మైదానములను సిద్ధపరచిరి. గన్నవరములోని మైదానము తరువాత విజయవాడకు విమానాశ్రయమైనది. తాడేపల్లిగూడెములోని రన్‌వే యుద్ధము ముగిసిన వెనుక పనిలేక మిగిలిపోయినది. మా బాల్యమున అది మాకు ఆటస్థలము. అంత నిడుపైన చదును నేల ఎందుకు కట్టిరో అడుగవలెనని మాకు తోచలేదు. 2015వ సంవత్సరమున జాతీయ సాంకేతిక విద్యాసంస్థ తాడేపల్లిగూడెమునకు వచ్చినది. బాంబుల భయముతో చదును చేసిన యూర ఇప్పుడు దేశపు నలుమూలల పిల్లలు చదువుకొనుట చూడ ముచ్చటగా నున్నది.

బర్మా పోవుటతో బియ్యము పోయినది. అంతవరకు ఏటేట లక్షల టన్నుల బర్మా బియ్యము మన దేశమునకు దిగుమతియగుచుండెను. మలబారు, తిరువాన్కూరు వంటి సీమలు దానినే నమ్ముకొని యుండెను. ఆ ద్వారము మూసికొనగానే అందఱి చూపు గోదావరి, కృష్ణా డెల్టాల ధాన్యముపై బడినది. ధరలు పెరిగినవి. పొలమున్నవారిలో కొందఱు తరతరముల అప్పులు తీర్చుకొనిరి. రొక్కపు కూలికి పనిచేయువాడు అదే యూరిలో, అదే ధాన్యము ప్రక్కన పస్తుండెను. ఒకే ధర ఒక యింటికి పండుగయు, ప్రక్కయింటికి ఉపవాసము నైనది. వంగదేశమున 1943వ సంవత్సరమున వచ్చిన క్షామములో సుమారు ముప్పది లక్షల మంది మరణించిరి. పిమ్మట ప్రభుత్వమువారు ధాన్యము సేకరించుట, చీట్లపై పంచుట మొదలుపెట్టిరి. 'రేషను', 'కంట్రోలు', 'బ్లాకు మార్కెట్టు' అను మాటలు అప్పుడే మన పల్లెల నోళ్లలో స్థిరపడినవి. ఆ యుద్ధము ముగిసి ఎన్ని దశాబ్దములు గడచినను, చవుక బియ్యపు దుకాణమును 'కంట్రోలు షాపు' అనువారు మన యూళ్లలో కలరు.

నాణెముల సంగతియు నంతే. 1940వ సంవత్సరమున వెండి రూపాయిలో వెండిని సగమునకు తగ్గించిరి. కాగితపు రూపాయియు ఆ కాలముననే మరల వాడుకలోనికి వచ్చినది. 1943లో రాగి ఆదా చేయుటకై కానీకి నడుమ చిల్లు పెట్టిరి. చిల్లు కానీని మొలత్రాటికి గ్రుచ్చి పసివాండ్రకు కట్టుట తమలో కొందఱికి జ్ఞాపక ముండవచ్చును. యుద్ధమునకై మిగిల్చిన రాగికి గుర్తు మన బిడ్డల నడుమునకు ఆభరణమైనది. మా నాయనమ్మ అట్టి కానీ నొకదానిని చిన్న ఇత్తడి డబ్బీలో దాచి యుంచెను. ఆ డబ్బీని మరల తలచెదను.

ఇక వైద్యము. జపానువారు 1942 మార్చిలో జావా ద్వీపమును గెలుచుకొనిరి. మలేరియాకు మందగు క్వినైనా సింకోనా చెట్టు పట్టనుండి వచ్చునది. లోకమునకు కావలసిన పట్టలో నూటికి తొంబది వంతులు ఆ ద్వీపమునుండియే వచ్చుచుండెను. మన నీలగిరులలో పండునది స్వల్పము. అందువలన క్వినైనా దొరకుట దుర్లభమైనది. సైన్యములకు మెపాక్రిన్ అను మందు వాడిరి. స్విట్జర్లాండులో పాల్ ముల్లర్ అను శాస్త్రజ్ఞుడు 1939లో గుర్తించిన డి.డి.టి. గుణము యుద్ధకాలమున సైనికుల కుపయోగపడి, తరువాత దోమలపై ప్రయోగింపబడినది. 1953లో మన దేశమున మలేరియా నివారణ కార్యక్రమము మొదలైనప్పుడు దానికి ముఖ్యాయుధ మదియే.

కాని మన సీమకు మలేరియాకంటె చిరకాల బంధువు మరియొకటి కలదు. అది బోదకాలు. దానికి మూలము ఫైలేరియా యను దారమువంటి పురుగు. మురికి నీట పెరుగు దోమ ఒకరిని కుట్టి, ఆ పురుగు పిల్లలను మరియొకరికి చేర్చును. ఆ పిల్లలు నెత్తుటిలో రాత్రివేళనే విరివిగా తిరుగును. అందువలననే ఆరోగ్యశాఖవారు రాత్రులు వచ్చి వ్రేలి కొన నెత్తురు తీసెడివారు. మొదట చలిజ్వరము, గజ్జలో బిళ్ళ కట్టుట, కొన్నాళ్లకు తగ్గుట. మరల వచ్చుట, మరల తగ్గుట. సంవత్సరములు గడచిన పిమ్మట కాలు తగ్గుట మానును. మా నాయనమ్మ కుడికా లట్టిదే. పెండ్లిండ్లలో ఆమె వంటయింటి మూల పీటపై కూర్చుండెడిది. ముత్తైదువులలో నిలువబడెడిది కాదు. మనుమరాండ్ర సంబంధములకు వచ్చినవారు చూతురేమో యని చీరె కుచ్చెళ్లు క్రిందికి జార్చి కట్టెడిది. ఆమె చేసిన తప్పు ఏమి? దోమ కుట్టినది. అంతే.

ఈ రోగము మన యూళ్లలో ఎన్ని తరములనుండి యున్నదో చెప్పువారు లేరు. దోమవలన వచ్చునను రహస్యమును పాట్రిక్ మాన్సన్ అను వైద్యుడు 1877వ సంవత్సర ప్రాంతమున చీనా దేశమున కనుగొనెను. అయినను ఇంచుమించు డెబ్బదియేండ్లు దీనికి సరియైన మందు పుట్టలేదు. ఏల పుట్టలేదు? ఈ రోగము పేదల కాళ్లకు వచ్చునది గనుక. యుద్ధము వచ్చినది. అమెరికా సైనికులు పసిఫిక్ సముద్రమున సమోవా మొదలగు ద్వీపములలో దిగిరి. 1943 నాటికి వారిలో వేలమందికి ఆ రోగ లక్షణములు కనబడినవి. బలిసిన యువకులు తమ చేతులు, కాళ్లు వాచుట చూచి బెదరిపోయిరి. అప్పుడు అమెరికాలోని ప్రయోగశాలలు ఈ పురుగుపై దృష్టి నిలిపినవి.

అందొకటి న్యూయార్కు రాష్ట్రమున పెరల్ రివర్ అను చోట నున్న లెడర్లీ ప్రయోగశాల. అచట పరిశోధనల నడిపించుచున్నవాడు మన భీమవరమున 1895 జనవరి 12వ తేదీన పుట్టిన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. సంగ్రహణి రోగమున సోదరులను పోగొట్టుకొన్నవాడు. తానును ఆ రోగముతో తీసికొని, మద్రాసులో ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సవలన కోలుకొన్నవాడు. 1923లో అమెరికాకు పోయి మరల స్వదేశము చూడనివాడు. ఆయన తోడి శాస్త్రజ్ఞులు, సహజముగనే ఫైలేరియా జాతి పురుగు సోకెడి ఒక తెగ ఎలుకలపై వందలకొలది రసాయనములను పరీక్షించిరి. వానిలో నొకటి నిలిచినది. దానికి హెట్రజాన్ అని పేరు పెట్టిరి. వైద్యులు డైఇథైల్ కార్బమజీన్ అందురు. 1947లో ప్యూర్టో రికో ద్వీపమున రోగులకిచ్చి దాని గుణము తెలిసికొనిరి. సుబ్బారావుగారు 1948 ఆగస్టులో దివంగతులైరి. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరములు.

ఇందు మనము గమనింపవలసిన విషయ మొకటి కలదు. యుద్ధము మనకు మేలు చేసినదని నేను చెప్పుట లేదు. మా నాయనమ్మ కాలు అమెరికా సైనికుని కాలుకంటె ముందే వాచినది. ఆమె వాపు ఏ ప్రయోగశాలకు కనబడలేదు. సైనికుని వాపు వెంటనే కనబడినది. భీమవరమున పుట్టిన మేధ, భీమవరమునకు ఇరుగుపొరుగుననున్న యూళ్ల రోగమును కుదుర్చుటకు, సగము భూగోళము చుట్టి ఒక మహాయుద్ధపు తలుపు గుండ రావలసి వచ్చినది. లోకము ఎవరి బాధను లెక్కించునో, ఎవరి బాధను లెక్కింపదో తెలిసికొనుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు. బస్రా రాతిపై పేరు లేని సిపాయియు, వంటయింటి మూలనున్న మా నాయనమ్మయు ఒక లెక్కలోనివారే.

ఆ మందు 1955లో ప్రారంభమైన జాతీయ ఫైలేరియా నివారణ కార్యక్రమముతో మన దేశమున వ్యాపించినది. మా నాయనమ్మను ఏలూరులో నొక వైద్యునివద్దకు తీసికొని పోయిరి. ఆయన మందిచ్చి, "పురుగు చచ్చును గాని, పెరిగిన కాలు తరుగదమ్మా, ఇరువదియేండ్ల క్రిందట ఈ మందు దొరకియున్న బాగుండెడిది" అని సత్యము చెప్పినాడు. ఆమె కోపగింపలేదు. "పిల్లలకు పనికొస్తుందిగా బాబూ" అని మాత్రము అడిగినదట.

ఇప్పుడు నా తప్పు చెప్పుకొందును. 2004వ సంవత్సరమునుండి దేశమున రోగమున్న జిల్లాలలో, రోగము కనబడినను కనబడకున్నను అందఱును ఏటికొక దినమున మ్రింగవలెనని ఈ మాత్రలను పంచసాగిరి. ఒక యేడు మా యింటికి కూడ వచ్చి యిచ్చిరి. నేను బడిపంతులుగా నుండి పదిమందికి చెప్పినవాడను. అయినను "నాకు రోగమేమి కలదు? భోజనమైన తరువాత చూతము" అని యా మాత్రలను ప్రక్కనబెట్టితిని. కొంతకాలమునకు ఏదో వెదకుచు నాయనమ్మగారి ఇత్తడి డబ్బీ తెరచినాను. అందు చిల్లు కానీ, దాని ప్రక్కన నా చేతితోనే నేను పడవేసిన మాత్రలు. ఆమె పిల్లల కొఱకు అడిగిన మందును, ఆమె మనుమడనైన నేను ఆమె డబ్బీలోనే దాచితిని. ఆ దినము నాకు కలిగిన సిగ్గు ఇంత యని చెప్పజాలను. అప్పటినుండి పంచువారు వచ్చినప్పుడు వారి యెదుటనే మ్రింగుచున్నాను.

రోగము కనబడనివా డెందుకు మ్రింగవలెనని కొందఱడుగుదురు. పురుగు నెత్తుటిలో నుండియు మనిషికి ఏండ్లతరబడి ఏమియు తెలియకపోవచ్చును. ఆతనిని కుట్టిన దోమ ప్రక్కయింటి బిడ్డకు దానిని చేర్చును. పెద్ద పురుగు కొన్ని సంవత్సరములు బ్రతుకును గనుకనే ఒక యేడు మ్రింగి మానుటవలన చాలదు. రెండేండ్లు నిండని శిశువులు, గర్భిణులు, తీవ్రముగ జబ్బుపడినవారు మాత్రము మ్రింగరాదు. మ్రింగిన నాడు కొంచెము జ్వరము, తలనొప్పి కలిగిన బెదరవలదు. లోని పురుగులు చచ్చుటవలన నట్లగును. ఇదివరకే కాలు వాచినవారు దినదినము సబ్బుతో కడిగి, వ్రేళ్ల సందులలో తడి లేకుండ తుడిచి, కూర్చున్నప్పుడు కాలు ఎత్తున బెట్టుకొనవలెను. ఇంత మాత్రముననే జ్వరములు చాలవరకు తగ్గును. ఇండ్ల వెనుక మురుగు గుంటలను పూడ్చుట మందుతో సమానమైన పని.

కడపట తమకు రెండు మనవులు. తమ యూరినుండి ఏ యుద్ధమునకైన పోయినవారి పేర్లు, రంగమునుండి నడచి వచ్చినవారి పేర్లు, వారు ఇంట విడిచి పోయిన తల్లుల, భార్యల పేర్లు ఒక పుస్తకమున వ్రాయించి బడిలో నుంచుడు. రాతిమీద చెక్కనివారిని కాగితము మీదనైన నిలుపుట పెద్దల బాధ్యత. రెండవది, మాత్రల నిచ్చువారు వాకిట నిలిచినప్పుడు ముందుగా తాము మ్రింగి చూపుడు. ఊరిపెద్ద మ్రింగినచో ఊరంతయు మ్రింగును. పెద్ద ప్రక్కన బెట్టినచో ఊరంతయు ప్రక్కన బెట్టును. అది నాకు అనుభవము.

ఆ చిల్లు కానీ ఇంకను నా యొద్ద నున్నది. డబ్బీలో నిప్పుడు మరి యేమియు లేదు.

సెలవు.